తోరప్ప స్వామికి జామీను

మేము దేవుణ్ణి అరెస్టు చేయించామని కొన్ని పత్రికల్లో వచ్చిన వార్త పచ్చి అబద్ధం. మేము అరెస్టు చేయించింది దేవుడి పోలికలు ఏమాత్రం లేని ఒక బక్కపలచని విదేశీయుణ్ణి. ఆయన పేరూ దేవుడి పేరూ, ఇద్దరి పుట్టిన తేదీ, పుట్టిన ఊరూ ఒకటే కావడం కేవలం కాకతాళీయమని మా అధ్యక్షులు అంబరీష్‌గారు ఇదివరకే ప్రకటన ఇచ్చారు. అయినా సందేహం తీరని పాఠకులు కొందరుంటారు కనుక, అంతర్జాతీయ మతస్వేచ్ఛా పరిరక్షణ కమిటీ, కొత్త షాఫ్టు లైను శాఖ, ప్రచార కార్యదర్శి హోదాలో నేను జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మా లైను కోలారు బంగారు గనుల్లో ఉంది. గని కార్మికులకు కట్టిన వరస ఇళ్ళను మేము లైను అంటాం. బంగారం అయిపోయింది, లైను మాత్రం మిగిలింది. మా తాతలు చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చి భూమి అడుగున బంగారం తవ్వారు. మేము పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోయి ఇతరుల ఆఫీసుల గేట్ల దగ్గర కాపలా కాస్తాం. గాలి వీస్తే బంగారం తీసేశాక మిగిలిన సైనైడు మట్టి దిబ్బల మీది తెల్లదుమ్ము లేచి అన్ని మతాల వాళ్ళ ఇళ్ళ మీదా సమానంగా పడుతుంది. మతసామరస్యానికి మా దగ్గర ఇంతకు మించిన ఏర్పాటు లేదు, అవసరమూ రాలేదు.

కమిటీ పుట్టడానికి కారణం హైస్కూలు ఇంగ్లీషు టీచరు శశికళ. ఆమె బెంగుళూరులో ఏదో శిబిరానికి వెళ్ళి వచ్చింది. మతం కారణంగా జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళు లోకంలో వేలల్లో ఉన్నారనీ, వాళ్ళకోసం ఒక అంతర్జాతీయ సంస్థ పనిచేస్తోందనీ, ఊరికొక బృందం ఒక్కొక్క ఖైదీని దత్తు తీసుకుని, విడిచిపెట్టమని అక్కడి ప్రభుత్వానికి నెలనెలా కార్డులు రాయాలనీ చెప్పింది. కార్డు రాస్తే జైలు తలుపు తీస్తారా అని మేము నవ్వాం. ఒకరు రాస్తే తియ్యరు, వేలమంది రాస్తే విసుగెత్తి తీస్తారు అంది. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి ఆమెకు అదొక అలవాటైంది కనుక మేము పట్టించుకోలేదు.

మా వంతుకు వచ్చిన ఖైదీ పేరు తోరిన్ వెస్కా. ఆయన దేశం పేరు నాకు నోరు తిరగదు కనుక రాయడం లేదు. ఆ దేశాన్ని ఏలే ప్రభువు తన పటాన్ని ఊరూరా కూడలిలో కట్టించి, వచ్చేపోయేవాళ్ళు దానికి తలవంచి నమస్కరించాలని చట్టం చేశాడట. తోరిన్ గడియారాలు బాగుచేసుకునే మనిషి. ఆయన మతం మరీ చిన్నది. గుడి లేదు, పూజారి లేడు, పాట లేదు. అందరూ ఒకచోట చేరి కాసేపు మౌనంగా కూర్చుని, లేచి ఎవరింటికి వాళ్ళు పోతారు. పటానికి గానీ మనిషికి గానీ తల వంచకూడదన్నది ఒక్కటే వాళ్ళ నియమం. ఆయన వంచలేదు. లోపల వేశారు. వేసి ఏళ్ళు గడిచాయి. ఇదంతా శశికళ మొదటిరోజే మాకు చదివి వినిపించింది. మేము శ్రద్ధగా విని టీ తాగాం.

అంబరీష్‌గారు రెండుసార్లు వార్డు ఎన్నికల్లో ఓడిపోయి, ప్రజలు ఇంకా ఎదగలేదన్న నిర్ణయానికి వచ్చిన నాయకులు. ‘అంతర్జాతీయ’ అన్న మాట చెవిన పడగానే ఆయన లేచి నిలబడి అధ్యక్షపదవి స్వీకరించారు. ఎవరూ ఇవ్వకముందే స్వీకరించి, ఇచ్చే శ్రమ మాకు తప్పించారు. కమిటీకి ఆఫీసు కావాలి కనుక మూతపడ్డ టైం ఆఫీసు తాళం పగలగొట్టించారు. గని నడిచే రోజుల్లో మా తాతలు కిందికి దిగేముందు ఇనప ఊచల కిటికీ ముందు నిలబడి పేరు చెప్పి టోకెను తీసుకునేది ఆ గదిలోనే. గోడ నిండా టోకెన్లు తగిలించే కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. ఖైదీ ఫోటో ఊచల వెనక పెడితే సందర్భానికి తగ్గట్టు ఉంటుందని అక్కడే పెట్టాం. ఫోటోలో ఆయనకు గుబురు గడ్డం, నిండు బుగ్గలు, పైకి చూస్తున్న కళ్ళు.

పొరపాటు అని కొందరు అంటున్నది ప్రారంభోత్సవం రోజు జరిగింది. ఆంజినప్ప మా లైనుకు పెద్ద. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పెళ్ళికైనా తద్దినానికైనా ఆయన చెయ్యి పడాలి. గోడమీద పటం కనిపిస్తే దండ వెయ్యడం ఆ చేతికి అలవాటు. దండ వేశాడు. దండ వేశాక బొట్టు లేకపోతే వెలితిగా ఉంటుందని బొట్టు పెట్టాడు. బొట్టు తరవాత దీపం. దీపం వెలిగాక కర్పూరం వెలిగించకుండా ఊరుకున్నవాడు మా వంశాల్లో లేడు. అది బతికున్న మనిషి ఫోటో, దండ తీసెయ్యండి అని శశికళ బతిమాలింది. ఆంజినప్ప ఆ ముఖాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

“బతికుండంగానే దండలు ఏయించుకునేది ఇద్దురేనమ్మా, ఒగరు మంత్రి, ఇంగొగరు దేవుడు. ఈయప్పను చూస్తే మంత్రి మాదిరి లేడు” అన్నాడు.

ఆ సమయానికి టీ కోసం పాలు తెచ్చిన మునిలక్ష్మమ్మ అక్కడే ఉంది. ఆమె అల్లుడు నాగేశ్ పేకాట ఆడుతూ దొరికి లాకప్పులో ఉన్నాడు. ఊచల వెనక దండతో, బొట్టుతో ఉన్న స్వామిని చూడగానే ఆమెకు తన కష్టం గుర్తొచ్చింది. చేతిలో ఉన్న పశువుల కొట్టం తాళాన్ని ఒక కొక్కేనికి వేసి, అల్లుడు బయటికొస్తే వచ్చి తీస్తానని మొక్కుకుంది. ఆ సాయంత్రమే నాగేశ్ ఇంటికొచ్చాడు. స్టేషనుకు సున్నం కొట్టిస్తున్నారు కనుక లాకప్పు ఖాళీ చేశారని గిట్టనివాళ్ళు అంటారు. కొట్టానికి తాళం లేక మునిలక్ష్మమ్మ దూడ పోయిందని కూడా అంటారు. మహిమ గురించి మాట్లాడేటప్పుడు దూడల సంగతి ఎత్తకూడదు.

తోరిన్ అన్న పేరుకు మా పద్ధతి ప్రకారం అప్ప చేర్చి తోరప్ప స్వామి అన్నాం. బెయిలు ఇప్పించే దేవుడు మా జిల్లాలో అంతవరకు లేడు. పిల్లలిచ్చే దేవతలున్నారు, వానలిచ్చే దేవతలున్నారు, జామీను మాత్రం లాయర్లకే వదిలేశారు. ఆ లోటు తీరింది. టేకల్ నుంచి పక్కవాడి బోరుబావిలో రాయి వేసినవాళ్ళు వచ్చారు. రాయల్పాడు నుంచి మామిడితోటల గట్టు తగాదాలవాళ్ళు, రెండు పక్షాలవాళ్ళూ, ఒకే ఆటోలో వచ్చారు. ఆవనిలో సీతమ్మకు మొక్కి బిడ్డల్ని కన్నవాళ్ళు, ఆ బిడ్డల మీద కేసులు పడ్డాక మా దగ్గరికి వచ్చారు. అందరూ తలా ఒక తాళం వేసి పోతారు. జామీను దొరికినవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. కోర్టు లాయర్లు కొత్త ఫైలు తెరిచేముందు స్వామి పాదాల దగ్గర పెట్టి తెస్తున్నారు. తనకే జామీను తెచ్చుకోలేనివాడు మనకేం తెస్తాడని ఒక కుర్ర లాయరు అడిగితే, “డాక్టరుకు జొరం రాదా అప్పా” అని ఆంజినప్ప ఆ నోరు మూయించాడు.

స్వామికి వెండి కిరీటం చేయించాం. గది ఉక్కగా ఉంది, ఊచలు తీసేసి కిటికీ పెద్దది చేద్దామని ఎవరో అంటే కొట్టినంత పని చేశాం. స్వామి బలమంతా ఆ ఊచల్లోనే ఉందని భక్తుల నమ్మకం.

ఇంత జరుగుతున్నా శశికళ కార్డుల గొడవ మానలేదు. ప్రతి నెలా వచ్చి సంతకాలు అడిగేది. పూజ పనులతో మాకు తీరిక ఉండేది కాదు. పైగా స్వామిని విడిచిపెట్టమని ఎవరినో అడగడం స్వామి శక్తిని శంకించడమే అవుతుందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆమె ఒక్కతే రాసింది. రాసిన ప్రతి కార్డు కిందా కొత్త షాఫ్టు లైను ప్రజలందరి తరఫున అని పెట్టేది. మా అనుమతి లేకుండా మాకు అంత మంచితనం అంటగట్టడం చట్టరీత్యా చెల్లదు.

ఆ తరవాత పిడుగులాంటి వార్త వచ్చింది. లోకం నలుమూలల నుంచి శశికళలాంటి వాళ్ళు రాసిన కార్డులూ, ఐక్యరాజ్య సమితిలో ప్రశ్నలూ, రాయబారుల రాకపోకలూ అన్నీ కలిసి ఆ ప్రభువుకు విసుగెత్తించాయి. తోరిన్‌ను విడుదల చేస్తున్నట్టు ప్రకటించాడు. శశికళ స్వీట్లు పంచింది. మేము అత్యవసర సమావేశం పెట్టాం.

స్వామి పేరున పెట్టుకున్న జాత్ర దగ్గర పడుతోంది. పందిళ్ళు వేశాం, రథం చేయించాం. జైల్లో లేని స్వామి జామీను ఇవ్వగలడా అన్నది సమావేశం ముందున్న ప్రశ్న. జాత్ర అయ్యేదాకా విడుదల వాయిదా వెయ్యమని ఆ ప్రభుత్వానికి అర్జీ పెడదామని ఒకరు ప్రతిపాదించారు, నేను బలపరిచాను. ఇంగ్లీషులో రాయవలసిన శశికళ లేచి వెళ్ళిపోవడంతో అర్జీ ఆగిపోయింది. అంబరీష్‌గారు గొంతు సవరించుకుని చిక్కు విప్పారు.

“సోదర సోదరీమణులారా, జైలు నుంచి విడుదలయ్యేది దేహం. పటం ఎక్కడికీ పోలేదు. పటం ఉన్నంతవరకు స్వామి జైల్లోనే ఉన్నారు, జైల్లోనే ఉంటారు, మతస్వేచ్ఛ కోసం ఆయన్ను శాశ్వతంగా జైల్లోనే ఉంచుతామని ఈ కమిటీ తరఫున హామీ ఇస్తున్నాను” అన్నారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

జాత్ర రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం రైలు దిగి శశికళ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. గడ్డం లేదు, బుగ్గలు లేవు, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. చేతిలో చిన్న సంచీ. జైలులో ఆయనకు ఉత్తరాలు ఇచ్చేవాళ్ళు కారట. విడుదలైన రోజు, ఆయన గురించి వచ్చిన కార్డుల కట్ట అధికారులు ముందు పడేశారట. అందులో ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చిన కార్డుల మీద మా లైను పేరు ఉందట. తనకోసం అంత పట్టుదలగా రాసిన జనాన్ని కళ్ళారా చూసి దండం పెట్టకుండానే కృతజ్ఞత చెప్పుకోవాలని అంత దూరం నుంచి వచ్చాడు. ఇక్కడి పూజల సంగతి శశికళ ఆయనకు ముందుగా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదట.

ఇద్దరూ వరసలో నిలబడ్డారు. ముందున్న రైతు మర్యాదగా ఏం కేసప్పా అని అడిగాడు. ఒక పటానికి దండం పెట్టలేదని కేసు అని శశికళ చెప్పింది. రైతు నిజంగానే బాధపడ్డాడు. పరదేశాల్లో ఇంగ అట్లనే ఉంటుందనీ, మన దేశంలో అయితే అట్లాంటి కేసు ఎవరూ పెట్టరనీ ఓదార్చి, ఒక అరటిపండు ఇచ్చాడు.

కిటికీ దగ్గరికి వచ్చాక ఆయన పటాన్ని చూశాడు. కిరీటం, బొట్టు, దండలు, గోడ నిండా తాళాలు. ముందు నవ్వాడు. చుట్టూ మొక్కుతున్న జనాన్ని చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. శశికళకు ఏదో చెప్పాడు. ఆమె గొంతు పెంచి మాకు చెప్పింది.

“ఈ పటంలో ఉండేది ఈయనే. మీరు కార్డులు రాసినారని నమ్మి థాంక్సు చెప్పేకి వచ్చినాడు. నేను మనిషిని, నాకు మొక్కొద్దండి, ఈ పటం దించండి అని అడుగుతాండాడు.”

ఆంజినప్ప ముందుకు వచ్చి పటాన్నీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. స్వామికి గడ్డం ఉంది, ఈయనకు లేదు. స్వామి పైకి చూస్తాడు, ఈయన మమ్మల్నే చూస్తున్నాడు. పాస్‌పోర్టు తీసి చూపించాడు గానీ అందులోనూ కిరీటం లేదు.

“అప్పా, నువ్వెవురో మాకు తెలీదు. స్వామి మాకు బాగా తెలుసు” అన్నాడు ఆంజినప్ప. “నువ్వు ఆయనే అయితే ఆయనకు ఒగ దండం పెట్టు. ఇంగ గొడవే లేదు.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. శశికళ ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో గుసగుసలాడింది. ఆయన మెల్లగా ఏదో జవాబు చెప్పాడు. ఏమన్నాడని తరవాత నేను అడిగాను. ఒక్కసారి తల వంచెయ్యండి, మనసులో వంచకపోతే సరిపోతుంది అని తాను బతిమాలిందట. అక్కడి జైలరు కూడా మంచివాడే, రోజూ ఇదే మాట చెప్పేవాడు అన్నాడట ఆయన.

ఆ తరవాత ఆయన ఊచల సందులోంచి చెయ్యి పెట్టి తన మెడలోని దండ, అంటే స్వామి మెడలోని దండ, లాగి కింద పెట్టాడు. మా మనోభావాలు అందరివీ ఒక్కసారిగా గాయపడ్డాయి. నావి కొంచెం ఆలస్యంగా గాయపడ్డాయి, అంబరీష్‌గారు కన్ను గీటాక.

బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు చిన్నప్ప, తోరప్ప స్వామి దయవల్ల సస్పెన్షను ఎత్తేయించుకున్న భక్తుడు. పటానికి లెంపలు వేసుకుని, క్షమాపణ చెప్పుకుని, మనిషిని పట్టుకుపోయాడు. ఫిర్యాదులో బాధితుడి పేరూ నిందితుడి పేరూ ఒకటే రావడంతో స్టేషనులో రైటరు కాసేపు పెన్ను పక్కన పెట్టాడు. తరవాత బాధితుడి పేరుకు ముందు శ్రీశ్రీశ్రీ చేర్చి సమస్య పరిష్కరించాడు. టూరిస్టు వీసా మీద వచ్చి మతం గురించి మాట్లాడాడని ఇంకో కేసు కలిపారు. లాగేసిన దండను సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. రథం అనుకున్న వేళకే కదిలింది.

జామీను విషయమే ఇంకా తేలలేదు. కోర్టులో ఏ లాయరూ ఆయన తరఫున నిలబడలేదు. స్వామికి ఎదురు నిలబడితే మిగతా కేసులు ఏమైపోతాయని వాళ్ళ భయం. ఆంజినప్ప నోరు మూయించిన ఆ కుర్ర లాయరు ఒక్కడే ఒప్పుకున్నాడు, అతనికి అనుభవం లేదు. జామీనుకు పూచీ పడటానికి స్థానికులు ఇద్దరు కావాలట. శశికళ ఒక్కతే తేలింది. ఆమె కమిటీ ముందుకు వచ్చి, మతం కోసం జైల్లో పడ్డవాళ్ళను విడిపించడానికే కదా ఈ కమిటీ, ఒక్కరైనా రండి అని అడిగింది. అప్పుడు అంబరీష్‌గారు ఇచ్చిన ఉపన్యాసం రాజ్యాంగ నిపుణులు చదవదగింది.

“మన కమిటీ పేరులోనే అంతర్జాతీయ అని ఉంది. పరదేశంలో జైల్లో ఉన్నవాళ్ళే మన పరిధిలోకి వస్తారు. ఆయన అక్కడ ఉన్నన్నాళ్ళూ మనం నెత్తిన పెట్టుకున్నాం. ఎవరూ పిలవకుండా సరిహద్దులు దాటి మన పరిధి నుంచి బయటికి వచ్చింది ఆయన. ఇందులో మన తప్పేముంది?” అన్నారు. ఎంత వెతికినా మాకు తప్పు కనపడలేదు.

మునిలక్ష్మమ్మ చేసిన పని కూడా దాచకుండా చెప్పాలి. ఆమె కొత్త తాళం కొనుక్కుని వచ్చి, ఆ పరదేశపు మనిషికి జామీను దొరకాలని తోరప్ప స్వామికే మొక్కి కొక్కేనికి వేసింది. బాధితుణ్ణి పట్టుకుని నిందితుడికి జామీను ఇవ్వమనడం న్యాయశాస్త్రానికి విరుద్ధం కనుక ఆ తాళం పగలగొట్టించాం. ఆమె ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించింది. రాగి సంగటీ, అందులోకి ఆకుకూర సారూ కట్టుకుని జైలుకు పోయింది. పక్కనే ఉన్న శశికళ చెప్పగా నేను విన్నది ఇది.

“నువ్వు దేవుడు గాకపోయినా పర్వాలేదప్పా, తిను” అందట. “నా అల్లుణ్ణి ఇడిపించింది ఎవురో నాకు తెలీదు. నిన్ను లోపలేసింది మాత్రం మేమే.”

ఆయనకు మాట అర్థం కాలేదు, సంగటి మింగడం కూడా రాలేదు. ఆమె చూపించినట్టు తుంచి, సారులో అద్ది, నమలకుండా మింగి, ఏడ్చాడట. ఇది కారం వల్ల అని మా అధ్యక్షుల అభిప్రాయం. మునిలక్ష్మమ్మ పాలు కమిటీ టీకి ఇక తీసుకోకూడదని అదేరోజు తీర్మానించాం. రెండో పూచీకి ఆమె ముందుకొచ్చింది గానీ, ఇల్లు ఆమె పేరున లేదని కోర్టు ఒప్పుకోలేదు.

కాబట్టి కావలసింది ఇంకొక్క మనిషి. శశికళ ఆ ఒక్క మనిషి కోసం తిరుగుతోంది. రైలు పెట్టెలో, పాల డైరీ ముందు, పట్టుగూళ్ళ మార్కెట్టులో, ఎవరు నిలబడితే వాళ్ళకు మొదటినుంచీ చెబుతోంది. జనం చెడ్డవాళ్ళు కాదు. ఓపిగ్గా వింటారు, అయ్యో పాపం అంటారు, సంతకానికి పెన్ను కూడా అందుకుంటారు. పెన్ను కాగితానికి తగలబోయే ముందు మాత్రం ఒక్కమాట అడుగుతారు.

“ఇంతకీ ఆయప్ప మనోళ్ళేనా?”

ఆమె పెన్ను వెనక్కి తీసుకుంటుంది. మా వైపు అందరినీ అడగడం అయిపోయింది కనుక రేపోమాపో మీ వీధికి వస్తుంది. మీరు చదువుకున్నవాళ్ళు, ఇంతసేపూ మమ్మల్ని చూసి నవ్వుకున్నవాళ్ళు కనుక, మీరైనా ఆ మాట అడగకుండా సంతకం పెడతారని ఆమెకు ఎక్కడో ఆశ ఉంది. మీ సంగతి మాకు తెలుసు. జామీను విషయంలో కమిటీ నిశ్చింతగా ఉంది.